ఇసుక తడి ఆరితే గింజ మిగలదు

ఎండాకాలం వచ్చిందంటే సోలాపూర్ మగ్గాల పేటల్లో రెండు ప్రశ్నలు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి "నల్లా ఎప్పుడొస్తది?" రెండోది "కాయ కిలో ఎంత?" సాఖర్ పేట్, దాజీ పేట్, అశోక్ చౌక్, కన్నా చౌక్, ఎటు పోయినా ఇదే వరస. రోజంతా సాంచాల చప్పుడులో నిలబడి నేసేవాడికి, గడపలో కూర్చొని బీడీలు చుట్టే ఆడమనిషికి మధ్యాహ్నం నోరు పిడచకట్టుకుపోతే కుండలో నీళ్లు, లేకుంటే ఓ పుచ్చముక్క దిక్కు. ఆంధ్రలో పుచ్చకాయ, తెలంగాణలో తర్బూజ, మరాఠీలో కలింగడ్, కన్నడంలో కల్లంగడి. నాలుగు భాషల ఊరైన సోలాపూర్‌లో కాయకు పేర్లు ఎన్నున్నా కాయ మాత్రం ఇప్పుడు ఒక్కటే. నల్లటి లేదా ముదురు ఆకుపచ్చ తోలు, రెండు మూడు కిలోల బరువు, లోపల ఎర్రటి కండ, సంకర విత్తనం.

పెద్దవాళ్లు చెప్పే లేత చారల పెద్ద కాయ, మందపాటి తోలు కాయ, నోటి నిండా గింజలుండే కాయ బండిమీద కనబడదు. ఆ కాయ ఎందుకు పోయిందని అడిగితే "జనానికి నచ్చలేదు" అనే జవాబు వస్తుంది. అందులో సగమే నిజం. మిగతా సగం నీళ్లలో ఉంది. నల్లా ఎప్పుడొస్తదన్న ప్రశ్నకూ, పాతకాయ ఎటు పోయిందన్న ప్రశ్నకూ జవాబు ఒకే నదిలో దొరుకుతుంది. ఆ నది భీమా.

నీళ్లెన్ని కాదు, నీళ్లెప్పుడు

పుచ్చకాయలో నూటికి 92 పాళ్లు నీళ్లే. అందుకని ఈ పంటకు నీళ్లు విపరీతంగా కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఎడారి అంచుల్లో పుట్టిన తీగ. ఈజిప్టులో టుటన్‌ఖామన్ సమాధిలో దీని గింజలు దొరికాయి. నేటి పుచ్చకు అతి దగ్గరి బంధువు సూడాన్‌లోని కొర్డొఫాన్ ప్రాంతపు తెల్లకండ కాయ అని 2021లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. రాజస్థాన్ ఇసుకనేలల్లో 'మతీరా' అనే నాటు పుచ్చ వానాకాలపు తడితోనే, సజ్జచేను మధ్యలో కాస్తుంది. 1644లో బికనేర్, నాగోర్ రాజ్యాల మధ్య ఒక మతీరా కాయ కోసం యుద్ధమే జరిగిందని అక్కడి చరిత్ర చెబుతుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం వంద రోజుల పుచ్చపంటకు 400 నుంచి 600 మిల్లీమీటర్ల నీరు చాలు. అదే చెరకుకు 1500 నుంచి 2500 మిల్లీమీటర్లు కావాలి. ఎకరం లెక్కన చూస్తే పుచ్చకు ఇంచుమించు 20 లక్షల లీటర్లు, చెరకుకు 60 లక్షల నుంచి కోటి లీటర్లు. కాబట్టి ఈ తీగ నీళ్లదొంగ కాదు. దీని పేచీ అంతా నీళ్లు వచ్చే వేళతోనే.

తీగ సాగేటప్పుడు, పూత పిందె పట్టేటప్పుడు తడి తప్పితే ఆడపూలు తగ్గిపోతాయి, పిందె రాలుతుంది. కాయ ఊరుతున్నప్పుడు ఒకరోజు ఎండబెట్టి మరురోజు ముంచెత్తితే కాయ పగులుతుంది. పక్వానికొచ్చే చివరి పది రోజుల్లో నీళ్లు తగ్గాలి. అప్పుడు పెడితే కాయ బరువు పెరుగుతుంది గానీ తీపి చప్పబడుతుంది. మొదట నిండుగా, నడుమ నిలకడగా, చివర పొదుపుగా నీళ్లందాలి. పుచ్చ వ్యవసాయమంతా ఈ మూడు ముక్కల్లోనే ఉంది.

ఈ లెక్కను పూర్వం నదే చూసుకునేది. దక్కన్ నదుల ఇసుక పరుపుల్లో పుచ్చ, ఖర్బూజ, దోస, కాకర వేయడం పాత పద్ధతి. వరదలు తగ్గి ఇసుక బయటపడ్డాక, చలికాలం మొదట్లో, తడి తగిలేదాకా గుంటలు తవ్వి, పశువుల ఎరువు వేసి గింజ పెట్టేవారు. చలిగాలి తగలకుండా ఎండుగడ్డి అడ్డం కట్టేవారు. ఎండ ముదిరేకొద్దీ ఇసుక కింది నీటిమట్టం దిగుతుంది. తల్లివేరు ఆ తడిని వెంబడించి మీటరుకు పైగా లోతుకు పోతుంది. కాయ పండే నాటికి తడి దానంతటదే తగ్గి తీపి పడుతుంది. నాటురకాలు తరతరాలుగా ఈ తరిగే తడికి అలవాటు పడి నిలబడ్డవి. లోతుకు దిగే వేరు, ఎండకు ఓర్చే మందపాటి తోలు, వంద రోజుల దాకా ఆగే ఓపిక, ఇవన్నీ నది నేర్పిన గుణాలు.

ఉజని వచ్చాక

1980లో ఉజని డ్యాం పూర్తయింది. సోలాపూర్ జిల్లా రాత మార్చిన ప్రాజెక్టు అది. మొత్తం నిల్వ దాదాపు 117 టీఎంసీలు. అందులో సగానికి పైగా, అంటే 63 టీఎంసీల వరకు మృతనిల్వ. మిగిలిందే కాలువలకు, ఊళ్లకు, ఫ్యాక్టరీలకు పంచుకునేది. ఎండాకాలంలో పత్రికల్లో "ఉజని మైనస్‌లో" అని వస్తే అర్థం ఇదే. పంచుకునే వాటా అయిపోయి మృతనిల్వలో చెయ్యి పెట్టారన్నమాట. 2024 వేసవిలో అది మైనస్ 50 శాతానికి కూడా దిగువకు పోయింది. జలాశయంలో మునిగిన పళస్‌దేవ్ పాతగుడి బయటపడితే జనం చూడబోయారు. గుడి కనిపించిందని సంబరపడాలో, నీళ్లు పోయాయని ఏడవాలో తెలియని పరిస్థితి.

ఉజని కాలువల కింద చెరకు పెరిగింది. చక్కెర ఫ్యాక్టరీలు పెరిగాయి. దాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు, కరువు జిల్లా రైతుకు అది చేతికి డబ్బు తెచ్చిన పంట. 1972 కరువును చూసినవారికి ఆ భరోసా విలువ తెలుసు. కానీ డ్యాం కట్టాక కింది భీమా పూర్వపు భీమాగా మిగల్లేదు. వరదలు తగ్గాయి. వరదతో ఏటా వచ్చే ఒండ్రు డ్యాంలో ఆగిపోయింది. నది పొడవునా కట్టిన బంధారాల వెనుక నీళ్లు నిలిచి ఇసుక పరుపులు మునిగే ఉంటున్నాయి. ఇసుక బయటపడ్డ చోట తవ్వకందార్లు లారీలు దింపారు. ఇసుక అంటే ఇళ్లకు కావలసిన సరుకే కాదు, నీళ్లను దాచుకునే స్పంజి కూడా. స్పంజిని ఎత్తుకుపోయాక కింద మిగిలేది రాయి, బురద. అందులో పుచ్చ వేరు దిగదు.

నల్లాకూ తీగకూ తగువు

ఇక్కడే మగ్గాల పేటలకు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. సోలాపూర్ నగరానికి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. 1871లో పూర్తయిన హిప్పర్గా దగ్గరి ఏక్రుఖ్ చెరువు ఒకటి. 1998లో వేసిన ఉజని పైపులైను రెండోది. టాకళి దగ్గర భీమా నుంచి తోడుకునే నీళ్లు మూడోది. ఈ మూడోదారి కోసం ఏటా నాలుగైదు సార్లు ఉజని గేట్లు ఎత్తి నదిలోకి నీళ్లు వదలడం ఏళ్లుగా సాగిన ఏర్పాటు. నగరానికి చేరేది కొంచెం, దానికోసం నదిలో పారించేది ఎన్నో రెట్లు. దారిలో ఇసుక తాగుతుంది, ఎండ తాగుతుంది, ఒడ్డు మోటార్లు తాగుతాయి. అందుకే నీళ్లు పారినన్నాళ్లు ఒడ్డున కరెంటు తీసేస్తారు. రైతుకు కోపం, నగరానికి దాహం.

నదిలో గుంటలు తీసి గింజ పెట్టిన రైతు వైపు నుంచి చూస్తే ఈ నీళ్లు వరం కాదు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో, తీగ సాగి పిందె పట్టిన వేళ, ఒక రాత్రి డ్యాం నీళ్లు వస్తే గుంటా తీగా ఎరువూ అన్నీ కొట్టుకుపోతాయి. వానకాలపు వరదకు ఒక రుతువుంది, దాన్ని తాత ముత్తాతలు చూశారు. గేటు తెరిచే వరదకు రుతువు లేదు. అలాంటి నదిని నమ్మి విత్తనం పెట్టేవాడు ఎవడుంటాడు?

అంటే పేటలోని బిందె నిండడానికి ఇసుకలోని తీగ ఎండాలా? అలా అనడం అన్యాయం. తాగునీటిది మొదటి హక్కు. అందులో రెండో మాట లేదు. ఇటీవలి సంవత్సరాల్లో నాలుగైదు రోజులకోసారి నల్లా వచ్చే పేటల్లో, పని మానుకొని బిందెలు పట్టే ఆడవాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే. కుంభారి దగ్గర కార్మికుల ఇళ్ల కాలనీలు లేచాయి. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో 15 వేల ఇళ్లు అప్పగించారు. రంగుల అద్దకానికి నీళ్లు కావాలి, చద్దర్లు, టవళ్లు ఉతకడానికి నీళ్లు కావాలి. నగరం దాహం పెరిగేదే గానీ తరిగేది కాదు.

అయితే నల్లాకూ తీగకూ తగువు తెచ్చింది నీళ్లు కావు, నీళ్లు తెచ్చే దారి. గొట్టంలో రావలసిన నీళ్లను నదిలో పారించి తెచ్చుకోవడం వల్ల నగరానికీ నష్టం, నదికీ నష్టం. ఉజని నుంచి రెండో సమాంతర పైపులైను చేపట్టింది ఈ నష్టం తప్పించడానికే. స్మార్ట్ సిటీల తొలి జాబితాలో 2016లోనే సోలాపూర్ పేరొచ్చింది. అయినా ఆ గొట్టం పని ఏళ్లూ పూళ్లూ సాగింది. ఈ జాప్యం లెక్క రాసేటప్పుడు పేటల బిందెల పక్కనే నది రైతు గుంటల్నీ రాయాలి.

కొత్త కాయది తప్పు కాదు

సంకర రకాలను తిట్టిపోయడం సులువు. కానీ ఎకరాకు ఐదారు వేల మొక్కలు నాటి, ప్లాస్టిక్ మల్చింగ్ పరిచి, డ్రిప్‌తో చుక్క చుక్కా ఇచ్చి, 65, 70 రోజుల్లో కాయ కోసే రైతు నీళ్లను పొదుపుగానే వాడుతున్నాడు. లారీలో పగలని కాయ, ఒకే సైజు కాయ వ్యాపారి అడుగుతున్నాడు. చిన్న కుటుంబం రెండు కిలోల కాయే కొంటుంది. పదికిలోల నాటుకాయ కోస్తే దాచడానికి ఇంట్లో చోటేదీ? చేతిమగ్గం నుంచి సాంచాకు మారిన పేటలకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కడుపు నింపేదాని వైపే మనిషి నడుస్తాడు.

ఎటొచ్చీ ఒక తేడా ఉంది. సాంచా వచ్చినా నేత తెలిసిన చెయ్యి మిగిలితే మగ్గం మళ్లీ ఆడుతుంది. గింజ పోతే తిరిగి రాదు. సంకర కాయ గింజ దాచి విత్తితే తల్లికాయ గుణం నిలవదు, తలో రకం కాస్తుంది. ప్రతి ఏడూ విత్తనం కొనక తప్పదు. ఇంకో చిక్కు ఉంది. పుచ్చపూలకు పుప్పొడి మోసేవి తేనెటీగలు. పక్క చేలో సంకర రకం ఉంటే నాటుకాయ గింజలో అది కలిసిపోతుంది. విత్తనం శుద్ధంగా ఉండాలంటే అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దాకా వేరే పుచ్చ ఉండకూడదు. ఇంటి వెనక నాలుగు పాదులు పెట్టి "నాటు విత్తనం కాపాడుతున్నా" అనుకునే రైతు చేతిలో కూడా మూడు నాలుగేళ్లకు నాటుగుణం చెదిరిపోవచ్చు.

పైగా డ్రిప్‌కు అలవాటైన రకం డ్రిప్ ఉన్నంతవరకే రాజు. బోరు ఎండిన ఏడు, ఉజని మైనస్‌లోకి పోయిన ఏడు దానికి దిక్కులేదు. లోతుకు వేరు తన్ని తడి వెతుక్కునే గుణం పాత గింజలో ఉంది. కరువు సంవత్సరాలు పెరుగుతున్న రోజుల్లో ఆ గుణాన్ని పారేసుకోవడం, ఇంటికి నిప్పంటుకునే కాలంలో బావి పూడ్చుకోవడం లాంటిది.

అన్నిటికీ పేరుంది, గింజకు లేదు

సోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. టవల్‌కు ఉంది. దానిమ్మకు 2016లో వచ్చింది. మంగళ్‌వేఢా జొన్నకూ వచ్చింది. దానిమ్మ కోసం ఏకంగా జాతీయ పరిశోధన కేంద్రమే 2005లో సోలాపూర్‌లో పెట్టారు. మెట్ట వ్యవసాయంపై ఈ ఊళ్లో 1933 నుంచీ పరిశోధన జరుగుతోంది. మోహోల్ నుంచి వచ్చిన మాల్దండి జొన్న నల్లరేగడిలో దాగిన తడితోనే పండి దేశమంతా పేరు తెచ్చుకుంది. నేలలో మిగిలిన తడితో పంట తీయడం ఈ జిల్లాకు కొత్త విద్య కాదు. అదే విద్య ఇసుకలో చేసిన పుచ్చను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. రాజస్థాన్‌లో మతీరాకు ఆ గతి పట్టలేదు. బికనేర్‌లోని కేంద్ర శుష్క ఉద్యాన పరిశోధన సంస్థ నాటు మతీరాల్లోంచి మంచివి ఏరి 'థార్ మాణక్' వంటి రకాలు ఇచ్చింది. నాటుకాయను ఎగతాళి చేయకుండా దాన్నే మెరుగుపరచవచ్చని అది చూపించింది.

చట్టం కూడా అడ్డం లేదు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం రైతుల రకాలను వారి పేరుతోనే నమోదు చేసుకోనిస్తుంది. విత్తనాలు దాచడానికి జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. లోపమల్లా గింజ పట్టుకొని అక్కడిదాకా పోయేవాళ్లు లేకపోవడమే.

చేయగలిగిన పనులు

మొదటిది, నదిలోకి నీళ్లు వదిలే తేదీలు చలికాలం మొదట్లోనే ప్రకటించాలి. ఏ వారం గేట్లు తెరుస్తారో ముందే తెలిస్తే ఒడ్డు రైతు తన గుంట ఎక్కడ తీయాలో, అసలు తీయాలో వద్దో తేల్చుకుంటాడు. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, పైపుల ద్వారా వచ్చే నీళ్లు పెరిగేకొద్దీ నదిలో పారించడం తగ్గించాలి. ఇసుక మిగిలిన కొన్ని మేటలనైనా తవ్వకాలకు దూరంగా ఉంచాలి. అన్నీ కాకపోతే కొన్ని. ఇసుకే లేనిచోట విత్తనం గురించి మాట్లాడి లాభం లేదు.

మూడోది, చెరువులు, డ్యాంల నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే గాళ్‌పేర్ భూములు. తెలంగాణలో శిఖం భూములంటారు. అక్కడ కూడా తడి నెమ్మదిగా తగ్గుతుంది, నది ఇసుక పోయినా ఆ గుణం మిగిలిన చోటు ఇదే. ఉజని అంచుల్లో, ఏక్రుఖ్ అంచుల్లో ఊరికి దూరంగా ఒకటి రెండు మడులు నాటు పుచ్చ విత్తనానికి కేటాయిస్తే, తేనెటీగల కలగాపులగం తప్పుతుంది. తాగునీటి చెరువు గనక పురుగుమందు వాడకూడదన్న షరతు పెట్టాలి. మహిళా సంఘాలకు అప్పగిస్తే ఈ పని ఇంకా శ్రద్ధగా జరుగుతుంది.

నాలుగోది పేటలు చేయాల్సింది. సోలాపూర్ తెలుగు కుటుంబాల్లో చాలామందికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లతో చుట్టరికం తెగలేదు. పెళ్లికో, పండక్కో పోయినప్పుడు అక్కడి ముసలమ్మల చుట్టకుదురుల్లో, ఉట్టిమీది బుర్రల్లో నాటు గింజ మిగిలి ఉందేమో అడగడానికి నామోషీ ఏముంది? దొరికిన గింజకు ఏ ఊరిది, ఎప్పుడు విత్తుతారు, ఎన్ని రోజుల్లో కాస్తుంది అన్న మూడు ముక్కలు చీటీ రాసి ఇస్తే పరిశోధన కేంద్రానికి అదే పెద్ద సమాచారం. మార్కండేయ రథోత్సవానికి ఏకమయ్యే పేటలు దీనికి మాత్రం ఏకం కాలేవా?

అయిదోది కొనేవాళ్ల పని. బండిమీద ఎప్పుడైనా చారల పెద్దకాయ కనబడితే "గింజలెక్కువ, వద్దు" అని పక్కకు నెట్టకుండా నాలుగిళ్లవాళ్లు కలిసి కొని పంచుకోవచ్చు. చద్దర్ కొనేవాడు "మిల్లుది చవక" అని పోతే నేతగాడికి ఎంత మండుతుందో పేటలకు తెలుసు. పుచ్చ రైతుకూ అలాగే మండుతుంది.

ఈ పనులన్నీ చేసినా భీమా ఇసుక నిండా మళ్లీ పుచ్చతీగలు పాకుతాయని చెప్పడం మోసం. ఆ కాలం పోయింది. కానీ గింజ దక్కితే, నీళ్లు తక్కువైన రేపటి ఏటికి ఒక దారి మిగులుతుంది.

సోలాపూర్ దాటిన భీమా కర్ణాటకలోంచి పారి, నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది మొదట సాంచాల ఊరికి నీళ్లిచ్చి, చివర చీరల నేతకు పేరుపడ్డ నారాయణపేట గడ్డను తాకుతుంది. ఎగువ పేటలు తమ నల్లా నీళ్లు గొట్టంలో అడిగినా, తమ పండు గింజ దాచినా అది ఒక్క సోలాపూర్ మేలే కాదు, దిగువన తెలంగాణ సరిహద్దు దాకా ఉన్న ఒడ్డుకంతా మేలు. పడుగులో ఒక పోగు తెగితే నేతగాడు సాంచా ఆపి అతుకుతాడు, చూసీ చూడనట్టు వదిలేస్తే గుడ్డంతా పాడవుతుందని అతనికి తెలుసు. నాటు గింజ అలా తెగబోతున్న పోగు. అతకడానికి ఇంకా వ్యవధి ఉంది, కానీ చాలా లేదు.